నార్వేజియన్ సమాసాలు: ఎక్కడ విరవాలి, ఎక్కడ నొక్కాలి?

పటమట (విజయవాడ):
నార్వేజియన్ బి1 (మధ్యస్థాయి) పరీక్షకి ఇక్కడ ఇద్దరం కలిసి చదువుతున్నాం. "మొదటి అక్షరం నొక్కండి" అన్న సూత్రం కొన్ని సమాసాలకి సరిపోతోంది, కొన్నిటికి పోవట్లేదు. కారు విడిభాగాల మాటని మేం "బిల్దెలెర్" అంటుంటే రికార్డింగ్‌లో ఇంకోలా ఉంది. పోలీస్ స్టేషన్ మాట కూడా అంతే. అసలు లెక్కేంటండీ?

బ్రాడీపేట (గుంటూరు):
ముందు అతుకు పట్టుకోండి, నొక్కు సంగతి తర్వాత. అది బీల్ (కారు) + దేలెర్ (భాగాలు). మీరు బిల్దె (బొమ్మ) దగ్గర విరిచారు, మిగిలిన "లేర్" అంటే "నవ్వుతాడు". బొమ్మ నవ్వుతాడు! నొక్కిన చోట అచ్చు సాగాలి, లేదా వెనక హల్లు ఒత్తాలి: తాక్ పైకప్పు, తక్క్ థాంక్స్. అందుకే అతుకు తప్పితే బీ కాస్తా బి అయిపోతుంది.

ఇక నొక్కు. తొలి మాట విడిగా ఉన్నప్పుడు ఎక్కడ నొక్కుతామో, సమాసంలోనూ అక్కడే. పులితీ (పోలీసు)లో నొక్కు "తీ" మీద. కాబట్టి పులితీస్తషూన్‌లోనూ "తీ" మీదే, "షూ"కి సగం బలం చాలు. రెండూ సమానంగా నొక్కితే రెండు మాటలు వినిపిస్తాయి. లమ్మెలోర్ కలిపి అంటే గొర్రెపిల్ల తొడమాంసం, విడదీసి నొక్కితే చచ్చుబడిన తొడలు.

కృష్ణలంక (విజయవాడ):
రాతలో ఇంకో చిక్కుంది. బుస్ మాట చివర రెండు ఎస్‌లు, స్తొప్ మొదట ఒకటి. కలిపితే మూడు రావాలి గానీ రెండే రాస్తారు, మన బస్టాండ్‌లో ఒక "స్" మింగేసినట్టు. పంక్తి చివర విరవాల్సొస్తే మాత్రం మూడోది తిరిగి వస్తుంది. మధ్యలో అతికే ఎస్, ఇ ఎప్పుడూ ముందు మాటవే: అర్బైద్స్-ప్లస్ (పనిచేసే చోటు), బాణె-హాగె (చిన్నపిల్లల బడి).

ఆ "ణ" చూశారుగా, ఆర్ పక్కన ఎన్ వస్తే ఓస్లో వైపు మన ణకారమే. పడమటి నార్వేలోని బెర్గెన్‌లో ఇది చెల్లదు, అక్కడ ఆర్ గొంతులోంచి వస్తుంది.

పటమట:
మరి స్వరం (టోనెమ్, అంటే మాటలో గొంతు ఎత్తుపల్లాలు) తేడాలు?

బ్రాడీపేట:
ఇప్పటికి పక్కన పెట్టండి. రైతులు, చిక్కుడు గింజలు అనే నార్వేజియన్ మాటలకి ఓస్లోలో అదొక్కటే తేడా, అయినా సందర్భాన్ని బట్టి ఎదుటివాళ్లు పట్టేస్తారు. నొక్కు తప్పితే పట్టలేరు. ముందు ఉనివెషితేత్స్‌సీకెహూస్ (యూనివర్సిటీ ఆసుపత్రి) "తే" మీద నొక్కి చదివి రికార్డ్ చేసి వినండి.