సిమెంటు చుక్క లేని ఈ రాతిగోడ ఎలా నిలబడింది?

నడకపిచ్చి:
మొన్న ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ డేల్స్ వెళ్లానండీ. మాల్హమ్ దగ్గర ఎటు చూసినా కొండల మీదికి పాకిపోయే రాతిగోడలే. సిమెంటు లేదు, మట్టి కూడా లేదు. ఫొటో బాగా వస్తుందని ఒకటి ఎక్కబోతే పై రాయి ఊడి కాలి పక్కనే పడింది. ఎవరూ చూడలేదు గానీ సిగ్గేసింది. తీసి మళ్లీ పైన పెట్టి వచ్చేశాను. అంత సులువుగా ఊడే రాళ్లు ఏళ్ల తరబడి ఎలా నిలుస్తున్నాయి? ఇంకో డౌట్: ఒకచోట గోడ అడుగున చదరంగా కన్నం వదిలారు. వంగి చూస్తే అవతలి గడ్డి కనబడుతోంది. అదెందుకు?

సుత్తిదెబ్బ:
గోడలెక్కకండి బాబూ! దాటడానికి అక్కడక్కడా మెట్లుంటాయి. నేను ఆ వైపే రెండు రోజులు గోడ కట్టడం నేర్చుకున్నాను. మీరు చూసింది నిజానికి రెండు గోడలు. పక్కపక్కనే మొదలై, పైకి వెళ్లేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలతాయి. మధ్యలో రాతిచిప్పలు బిగించాలి. పారతో కుమ్మరిస్తే నేర్పేవాడు ఊరుకోలేదు, ఒక్కొక్కటీ చేత్తో పెట్టాల్సిందే. సగం ఎత్తులో రెండు ముఖాలనూ కలుపుతూ పొడవాటి రాళ్లు అడ్డంగా వేస్తారు. వాననీరు సందుల్లోంచి కారిపోతుంది, నేల కాస్త కుంగినా గోడ దాంతోపాటే సర్దుకుంటుంది.

కొత్తవాళ్లందరం చేసే తప్పు రాయి పొడుగు వైపును బయటికి చూపించడం. చూడ్డానికి బాగుంటుంది, పని త్వరగా సాగుతుంది. కానీ పొడుగు గోడలోపలికి పోవాలి. మొదటిరోజు సాయంత్రం నాది మొత్తం విప్పించేశాడు!

మీరు ఊడదీసింది పై వరస. ఆ రాళ్లను నిలబెట్టి, ఒకదాన్నొకటి నొక్కేలా బిగిస్తారు. తిరిగి ఎలా పెట్టారు?

గాలివాటం:
కన్నం గొర్రెల కోసం. ఒక పొలంలోంచి ఇంకోదాంట్లోకి తోలతారు, అక్కర్లేనప్పుడు పలకరాయి అడ్డం పెడతారు. ఐర్లండ్‌లో ఇనిష్‌మోర్ దీవి వెళ్తే ఇంకో వింత: చాలా గోడలు ఒంటి వరసవే, రాళ్ల మధ్య వెలుతురు కనబడుతుంది. గాలి దూరిపోతుంది కాబట్టే పడవు. కొన్నింటికి గేటే ఉండదు. కొంత మేర రాళ్లు దించి, ఆవును పంపి, మళ్లీ పేర్చేస్తారు. ఈ విద్యను 2018లో యునెస్కో ఎనిమిది యూరప్ దేశాల పేరిట వారసత్వ జాబితాలో చేర్చింది. ఐర్లండ్ 2024లో కలిసింది.

నడకపిచ్చి:
థాంక్సండీ. ఇప్పుడే ఫొటో జూమ్ చేసి చూశా. వరసంతా నిలబడి ఉంది, నేను పెట్టింది ఒక్కటే పడుకుని ఉంది.