లజానియా కోస్తే జారిపోతోంది

అమలాపురం నుంచి రాస్తున్నానండి. ఆదివారం అత్తగారింట్లో పదిమందికి లజానియా (పాస్తా రేకులు, కీమా సాస్, వైట్ సాస్ పొరలుగా పేర్చి బేక్ చేసే ఇటలీ వంటకం) చేశాను. ఓవెన్‌లోంచి తీయగానే కోస్తే పొరలన్నీ జారి ప్లేటులో పులుసులా పరుచుకున్నాయి. వైట్ సాస్‌కి లీటరు గేదె పాలు, 50 గ్రాముల చొప్పున మైదా, వెన్న వేశాను. సంక్రాంతికి మళ్లీ చేయాలి, టెన్షన్‌గా ఉంది.

— ఆ మైదాకి అర లీటరు పాలు చాలండి. గరిటె వెనక అంటిన సాస్ మీద వేలితో గీస్తే గీత చెరగకూడదు. 180 డిగ్రీల్లో 40 నిమిషాలు ఉంచి, బయటికి తీశాక పావుగంట కదపొద్దు. వేడి మీద కోస్తే ఎవరికైనా జారుతుంది.

— కీమా సాస్‌లో నీరింకిందా? ఇటలీలోని బొలోన్యా ఊళ్లో రగూని, అంటే ఈ కీమా సాస్‌నే, గంటల తరబడి సన్నసెగన మరిగిస్తారు. నేనూ అలాగే, నూనె పైకి తేలేదాకా దింపను.

— నీరు ఇంకనివ్వలేదండి, తొందరపడ్డాను. ఈసారి పండగ ముందురోజు రాత్రే రగూ చేసిపెట్టుకుంటాను.