గతకాల“ము” మేలా, గతకాల“మె” మేలా?

నిశాచరి:
ఒక పాదం చాలా రోజులుగా బుర్రలో తిరుగుతోంది, ఎవరైనా తేల్చండి. “గతకాలమె మేలు వచ్చు కాలముకంటెన్” అనే నా నోటికి వస్తుంది. పుస్తకంలో మాత్రం “గతకాలము మేలు” అని చూసినట్టు గుర్తు. నన్నయదే, ఆదిపర్వం, ఎండమావులున్న కందం. “మతిఁ దలఁపఁగ” దగ్గర మొదలుపెట్టి సగంలో ఆగిపోతున్నాను.

ఎందుకు అడుగుతున్నానంటే, ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. మార్స్ మీద కాలనీ. అక్కడిదాకా వెళ్ళినా భూమ్మీది ఆఫీసు డీఎస్టీని (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతిని) వదల్లేదు, నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు కాగానే గడియారాన్ని మళ్ళీ ఒంటిగంటకి తిప్పుతారు. ఆ రాత్రి ఎయిర్‌లాక్ 1:40కి తెరుచుకున్నట్టు, 1:20కి మూసుకున్నట్టు లాగ్‌లో ఉంది. ఒక మనిషి లేడు. ఏది ముందు, ఏది వెనక అన్నదే కథ. ఈ పాదం కథకి తలమీద పెట్టాలి. ఆ రెండు ఒంటిగంటలకీ విడివిడిగా తెలుగు పేర్లు తడితే అవీ చెప్పండి.

అరసున్న:
“ము”నే. పద్యం మొత్తం ఇది:
మతిఁ దలఁపఁగ సంసారం
బతిచంచల మెండమావులట్టుల సంప
త్ప్రతతు లతిక్షణికంబులు
గతకాలము మేలు వచ్చు కాలముకంటెన్
పాండురాజు పోయాక వ్యాసుడు తల్లి సత్యవతితో అంటాడు. “మె” అన్నది జనం నోట్లో సామెతలా నలిగి నలిగి వచ్చింది.

లఘువు:
అంత తేలిగ్గా కొట్టేయకండి అరసున్న గారూ. గణాలు చూడండి: గతకా, లముమే, లువచ్చు, కాలము, కంటెన్. “ము” తీసి “మె” పెట్టినా లఘువే, కందం ఎక్కడా కుంటదు. మూడో పాదంతో కలిపి లెక్కిస్తే ఆరో గణమైన “లువచ్చు” జగణం, అదీ అలాగే ఉంటుంది. “గతకాలమే మేలు” అని దీర్ఘం తీసేవాళ్ళది మాత్రం తప్పు, అక్కడ ఒక మాత్ర ఎక్కువైపోతుంది. కాబట్టి ఛందస్సుతో ఇది తేలదు, అర్థంతోనే తేలాలి. “గతకాలము మేలు వచ్చు” అని ఒక్క ఊపిరిలో చదివితే “మేలు వచ్చును” అన్నట్టు వినిపిస్తుంది, ఇలా తప్పర్థం చేసుకున్నవాళ్ళని నేను చూశాను. “మె” ఉంటే ఆ చిక్కు లేదు.

అరసున్న:
చదివేవాడు తప్పు చోట ఆగితే కవి అక్షరం మార్చుకోవాలా? “గతకాలమె” అంటే గతమే మంచిదని నొక్కి చెప్పినట్టు. వ్యాసుడు ఆ మాట అనడు. సంసారం అతిచంచలం, సంపదలు అతిక్షణికం అని మూడు పాదాలు చెప్పినవాడు నాలుగో పాదంలో గతాన్ని నెత్తికెత్తుకుంటాడా? పోయిందీ గొప్పది కాదు, వచ్చేది ఇంకా చెడ్డది, అంతే ఆయన చెప్పేది. ఆ నీరసం “ము”లోనే ఉంది. ఇంకోటి, రెండో పాదంలో యతి చూడండి, బతి–అట్టుల, అచ్చుకి అచ్చు కలిపి ఎంత నిశ్శబ్దంగా పెట్టాడో. అక్షరరమ్యత అని తన గురించి తానే చెప్పుకున్న కవి ఊరికే ఒక “ఎ”ని అక్కడ పడేయడు.

మూలం:
ఇద్దరూ ఒకసారి సంస్కృతం చూడండి. అక్కడ “పృథివీ గతయౌవనా” అని ఉంది. భూమికి వయసు అయిపోయింది! “శ్వః శ్వః” అని, రేపటి కంటే ఎల్లుండి ఇంకా పాపిష్ఠిది అన్న ధోరణి. నన్నయ ఆ ముసలి భూమిని వదిలేశాడు, “గత” అన్న మాట మాత్రం ఉంచుకుని కాలానికి తగిలించాడు అని నా ఊహ. నిశాచరి గారూ, మార్స్ కాలనీ కథకి తలమీద పెట్టాల్సింది ఈ మాట. భూమిని వదిలి వెళ్ళినవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

నిశాచరి:
బాగుంది, కానీ నాకు తెలుగు పాదమే కావాలి. ము, మె సంగతి?

వెనకటి:
మీరంతా “ము” దగ్గర ఆగిపోయారు, అసలు చిక్కు “ముందు”లో ఉంది. నిశాచరి గారు “ఏది ముందు, ఏది వెనక” అని ఎంత మామూలుగా రాశారో చూడండి. “ముందుంది ముసళ్ళ పండగ” అన్నప్పుడు ముందు అంటే రాబోయేది. “ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి” అన్నప్పుడు ముందు అంటే అయిపోయింది, వెనక అంటే తరవాతది. మళ్ళీ “వెనకటికి ఒకడు” అనగానే వెనక అంటే పాతకాలం. ఒక్కో మాట రెండు వైపులా చూస్తుంది. మార్చిలో “గడియారం గంట ముందుకు” అంటే రెండు మూడవుతుందని ముల్లు చూస్తే తెలుస్తుంది, కానీ “మీటింగ్ గంట ముందుకు జరిగింది” అన్న మెసేజ్ చూసి నేను గంట ఆలస్యంగా వెళ్ళాను, పంపినావిడ ఉద్దేశం గంట ముందే అని. “ముందు”కీ “ముందుకు”కీ మధ్య ఉన్న ఆ ఒక్క “కు” ఎటు లాగుతుందో ఇప్పటికీ నాకు టెన్షనే. ముల్లు ముందుకు వెళ్తే మనం ముందు లేవాలి. 1895లో న్యూజిలాండ్‌లో జార్జ్ హడ్సన్ రెండేసి గంటలు జరపమని అడిగాడు, పని అయ్యాక పురుగులు పట్టుకోవడానికి ఆయనకి వెలుగు కావాలి. ఆయనకి దొరికేది వెలుగు, మిగతావాళ్ళకి పోయేది నిద్ర. డీఎస్టీని “పగటి వెలుగు పొదుపు” అని అనువదించేవాళ్ళని నేను ఒప్పుకోను, ఇందులో పొదుపైంది ఏమీ లేదు. యూరప్ వాళ్ళలా “వేసవి సమయం” అంటే సరిపోతుంది.

లఘువు:
అది సరే గానీ మార్స్ మీద డీఎస్టీ ఏమిటి? అక్కడ రోజే 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. 2004లో అక్కడ రెండు రోవర్లు దిగినప్పుడు భూమ్మీద వాటిని నడిపినవాళ్ళు రోజూ దాదాపు నలభై నిమిషాలు ఆలస్యంగా డ్యూటీకి వచ్చేవాళ్ళు, అక్కడి రోజుని “సోల్” అని వేరే పేరుతో పిలిచేవాళ్ళు. స్పేస్ స్టేషన్‌లో అయితే హాయిగా యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయం), మార్చీ లేదు నవంబరూ లేదు.

నిశాచరి:
అవన్నీ తెలిసే రాశాను లఘువు గారూ. సోల్ ఉన్నా లాగ్ మాత్రం భూమి టైములోనే రాయమంటారు, అక్కడివాళ్ళ బాధంతా అదే. ఏ సూర్యుడికీ సంబంధం లేని గంట అది. చాలా సైన్స్ ఫిక్షన్‌లో కాంతి వేగం దగ్గర కాలం సాగడం గురించి పేజీలు రాస్తారు, గడియారం ఎవరి మాట వింటుందో ఒక్క వాక్యం ఉండదు.

పంచాంగం:
రెండు ఒంటిగంటలకి పేర్లు అడిగారు, ఎవరూ చెప్పలేదు. మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి కదా! ఒక నెల రెండుసార్లు వస్తే ఏమంటాం? అధిక ఆషాఢం, నిజ ఆషాఢం. అలాగే అధిక 1:20, నిజ 1:20.

లఘువు:
మాట బాగుంది. కానీ మొదట వచ్చింది అధికం ఎలా అవుతుంది? రెండోసారి వచ్చిందే కదా ఎక్కువైంది.

పంచాంగం:
నెలల్లోనూ అధికమే మొదట వస్తుంది. ఆ నెలలో సంక్రాంతి పడదు, అంటే సూర్యుడు రాశి మారడు, అందుకే అది అధికం. గడియారంలోనూ అంతే. మొదటి 1:20 వేసవి సమయంలోది, తెచ్చిపెట్టుకున్నది. రెండో 1:20 ప్రామాణిక సమయం, అసలుది. కాబట్టి అదే నిజం. మార్చిలో ఎగిరిపోయేది క్షయ గంట.

అరసున్న:
క్షయం కుదరదండీ. క్షయమాసంలో రెండు నెలలు ఒకదాంట్లో ఇమిడిపోతాయి, పేరు పోదు. మార్చి ఆదివారం 2:30 అసలు లేనే లేదు. అది లోపం. వ్యాకరణం వదిలేసి పంచాంగానికి ఎందుకు వెళ్ళారు? మిత్రుడిలా వచ్చి చేరేది ఆగమం, ఉన్నది పోతే లోపం. నవంబర్ గంట ఆగమం, మార్చి గంట లోపం.

పంచాంగం:
లోపం ఒప్పుకుంటాను. ఆగమం ఒప్పుకోను. ఆగమం అంటే కొత్తగా ఒకటి వచ్చి పక్కన చేరడం, ఇక్కడ అదే గంట, అదే పేరుతో రెండోసారి వస్తోంది. లాగ్ చదివేవాడికి కావాల్సింది ఏది అధికం, ఏది నిజం అన్నదే.

మూలం:
గంటల దాకా వచ్చాం కాబట్టి, భాగవతం నవమస్కంధంలో కూతురు రేవతి పెళ్ళి సంగతి అడగడానికి కకుద్మి అనే రాజు బ్రహ్మలోకం వెళ్ళి పాట అయ్యేదాకా కాసేపు నిలబడతాడు, ఈలోపు కింద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి. అనుకున్న పెళ్ళికొడుకుల పేర్లు కూడా వినపడవు. ఆయన తిరిగొచ్చిన కాలం ఆయనకి ముందా వెనకా, వెనకటి గారు చెప్పాలి.

వెనకటి:
ముందే. కానీ ఏ ముందో అడక్కండి, రేపు రాస్తాను.

నిశాచరి:
అధికం, నిజం తీసుకుంటున్నాను పంచాంగం గారూ. అధిక 1:40కి తెరుచుకుంది, నిజ 1:20కి మూసుకుంది. అంటే నలభై నిమిషాలు ఆ తలుపు తెరిచే ఉంది. ఇది రాస్తుంటే ఒళ్ళు జలదరించింది, లాగ్ చూసినవాళ్ళు ఇన్నాళ్ళూ అంకెలు తారుమారయ్యాయని అనుకున్నారు.

మరి పాదం?

అరసున్న:
ము.

లఘువు:
మె.