అద్దె జేసీబీ కేబుల్ తెంపితే నష్టం ఎవరు భరించాలి?

చిన్న కాంట్రాక్టర్, అనంతపురం:
మురుగు కాలువ పని కోసం ఆపరేటర్‌తో సహా జేసీబీని గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాను. తవ్వుతుండగా 11 కేవీ భూగర్భ కేబుల్ తెగి వీధి మొత్తానికి కరెంటు పోయింది. మరమ్మతు ఖర్చు నన్నే కట్టమంటున్నారు. లివర్లు పట్టింది యజమాని మనిషి, అతనికి జీతం ఇచ్చేదీ యజమానే. అలాంటప్పుడు బాధ్యత అతనిది కాదా?

జేసీబీ యజమాని, కర్నూలు:
ముమ్మాటికీ కాదండీ. మేము బండిని, దాన్ని నడపగల మనిషిని పంపుతాం. సున్నం గీత గీసేది, ఎన్ని అడుగుల లోతో చెప్పేది మీ సూపర్‌వైజరే. పొద్దున ఒక ఊళ్లో, మధ్యాహ్నం మరో ఊళ్లో పనిచేసే ఆపరేటర్‌కు ఆ వీధి కింద ఏముందో ఎలా తెలుస్తుంది? పైగా కాసేపు ఆగితే గంట లెక్క పెరుగుతోందని తొందరపెట్టేదీ మీరే.

సైట్ ఇంజినీరు, కడప:
జీతం ఎవరు ఇస్తారన్న ప్రశ్న ఒక్కటే ఈ తగవును తేల్చదు. ఇంగ్లండులో 1946లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు ఇలాంటి వివాదమే వచ్చింది. ఓడరేవు సంస్థ డ్రైవర్‌తో సహా అద్దెకిచ్చిన క్రేన్ వల్ల ఒక మనిషి గాయపడ్డాడు. ఏ సరుకు ఎత్తాలో అద్దెకు తీసుకున్నవారు చెప్పగలరు గానీ, క్రేన్ మీటలను ఎలా కదపాలో చెప్పే అధికారం వారికి లేదు కాబట్టి బాధ్యత ఓడరేవు సంస్థదేనని తీర్పు వచ్చింది. మొదట చదివినప్పుడు ఈ తీర్పు కాంట్రాక్టరైన మీకే అనుకూలమనిపిస్తుంది. కానీ అదే గీటురాయిని మీ వీధికి పెట్టి చూడండి: కేబుల్ తెగింది బకెట్ తిప్పడంలో పొరపాటు వల్లనా, తవ్వకూడని చోట తవ్వమన్నందువల్లనా? రెండోదైతే, చోటు నిర్ణయించింది మీరే.

ఆ చోటు కింద ఏముందో తెలుసుకోవలసిన పని కూడా మీదే. టెలికాం శాఖ వారి ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రధానమంత్రి 2023 మార్చి 22న ప్రారంభించారు. తవ్వేవారు ముందుగా నోటీసు పెడితే అక్కడ లైన్లున్న సంస్థలకు సమాచారం వెళ్లాలన్నది దాని ఉద్దేశం. అయితే యాప్‌తోనే పని అయిపోయిందనుకోవద్దు. సత్యసాయి నీటి పథకం పైపులున్న మన పల్లెల్లో ఏ మలుపులో పైపు ఎటు తిరిగిందో చాలాసార్లు వాటర్‌మ్యాన్‌కే తెలుస్తుంది. ఆయన్ని ఒక పూట వెంట ఉంచుకోవడం దండగ ఖర్చు కాదు.

లోతు విషయంలో మరీ జాగ్రత్త కావాలి. కేబుళ్లు వేయడానికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 ప్రకారం 11 కేవీ కేబుల్ పైభాగం నేలమట్టానికి కనీసం 0.9 మీటర్ల లోతులో ఉండాలి, కానీ కేబుల్ వేశాక రోడ్డు మట్టం మారితే ఆ కొలత కాగితానికే పరిమితం. అందుకే అనుమానమున్న చోట బకెట్ దించకముందే చేతి పారతో నెమ్మదిగా ట్రయల్ పిట్, అంటే చిన్న పరీక్ష గుంత, తీయించి, కేబుల్‌ను కంటితో చూసి తీరాలి.

అలాగని యజమాని చేతులు దులుపుకోలేరు. నల్లరేగడిలో తవ్వుతుండగా ఉన్నట్టుండి ఇసుక, దాని వెంట వరుసగా పేర్చిన ఇటుకలు బకెట్‌లోకి వస్తే కింద కేబుల్ ఉందని అనుభవమున్న ఆపరేటర్ గ్రహించాలి. అప్పుడు కూడా ఆపకపోతే అది నడిపే తీరులోని లోపం, ఆ మేరకు నష్టం యజమానిదే.

చిన్న కాంట్రాక్టర్, అనంతపురం:
ఇటుకలు వచ్చాయి, నా మేస్త్రీ చూశాడు కూడా. పాత గోడ పునాది అనుకున్నారు. అడిగినా ఎవరూ మ్యాపు ఇవ్వని ఊళ్లో చిన్న కాంట్రాక్టర్ ఏం చేయగలడు?

సైట్ ఇంజినీరు, కడప:
అడిగినట్టు రాతపూర్వకమైన ఆధారం పెట్టుకోండి. మ్యాపు ఇవ్వలేదన్నది ఖర్చు పంచుకోమని వాదించడానికి పనికొస్తుంది గానీ, గుడ్డిగా తవ్వడానికి అనుమతి కాదు. మేస్త్రీ చూసి కూడా పని ఆపలేదంటే, నా లెక్కలో మీ వాటానే ఎక్కువ. ఇకపై అద్దె చీటీలోనే రాయించండి: గీత, లోతు, లైన్ల వివరాలు కాంట్రాక్టర్ ఇవ్వాలి, ఇసుకో ఇటుకలో హెచ్చరిక టేపో కనబడితే ఆపరేటర్ ఎవరినీ అడగకుండా బండి ఆపాలి.

జేసీబీ యజమాని, కర్నూలు:
ఆ షరతుకు నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ట్రయల్ పిట్ తీసేదాకా బండి ఖాళీగా నిలబడ్డ గంటలకూ అద్దె కడతామని అదే చీటీలో రాయాలి.