లైనక్స్ డ్రైవర్‌ను ఫ్రీబీఎస్‌డీకి మారుస్తున్నా: 64 బైట్లు పాతవే వస్తున్నాయి

ప్రశ్న:
నాలుగు వారాలుగా దీని మీదే కూర్చున్నాను. మా ల్యాబ్‌లోని పీసీఐ ఎక్స్‌ప్రెస్ డేటా కార్డుకు లైనక్స్ డ్రైవర్ మాత్రమే ఉంది. దాన్నే ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారుస్తున్నా. కార్డును గుర్తించే, కలిపే, విడదీసే ఫంక్షన్లు (ప్రోబ్, అటాచ్, డిటాచ్) రాసుకున్నా, కార్డు సీపీయూకు పంపే సంకేతం (ఇంటరప్ట్) కూడా అందుతోంది. ఇంటెల్ పీసీలో చక్కగా నడుస్తోంది. అదే కోడ్ ఆర్మ్ బోర్డు మీద పెడితే బఫర్‌లో అక్కడక్కడా సరిగ్గా 64 బైట్ల ముక్క పాతది కనిపిస్తోంది. రాత్రి హెక్స్ డంప్ ముందేసుకుని లెక్కపెట్టా: ప్రతిసారీ 64, లేదా దాని గుణిజం. ఎక్కడ చూడాలో చెప్పండన్నా.

జవాబు 1:
తమ్ముడూ, 64 బైట్లంటే ఆ ప్రాసెసర్‌లో ఒక క్యాష్ లైన్, అంటే సీపీయూ తన దగ్గర దాచుకునే వేగవంతమైన మెమరీలో (క్యాష్) ఒక ముక్క. కార్డు మెమరీలో రాసింది, సీపీయూ తన క్యాష్‌లోని పాతది చదివింది. కార్డు సీపీయూ లేకుండా నేరుగా మెమరీలో రాయడాన్ని డీఎంఏ అంటారు; లైనక్స్‌లో డీఎంఏ అన్‌మ్యాప్ చేసినప్పుడే క్యాష్‌లోని పాతదాన్ని పారేసే పని జరిగిపోతుంది. నువ్వు మ్యాప్‌ను లోడ్ చేసి, సింక్ చేయకుండా అలాగే ఉంచేశావేమో? ఫ్రీబీఎస్‌డీలో బఫర్ కార్డుకిచ్చే ముందు ప్రీరీడ్, చదివే ముందు పోస్ట్‌రీడ్ అనే ఫ్లాగ్‌లతో బస్‌_డీఎంఏమ్యాప్‌_సింక్ ఫంక్షన్‌ను పిలవాలి. ఇంటెల్‌లో క్యాష్ సంగతి హార్డ్‌వేరే చూసుకుంటుంది కాబట్టి తప్పు దాగిపోయింది.

జవాబు 2:
ఇంటెల్‌లో కూడా సింక్ వదలొద్దు. కార్డు 32 బిట్ల అడ్రసులే వాడగలిగితే, 4 జీబీ పైనున్న బఫర్‌కు బౌన్స్ బఫర్ (కార్డుకు అందే చోట మధ్యలో వాడే తాత్కాలిక బఫర్) వస్తుంది. అందులోంచి కాపీ చేసేది సింకే. ఇంకో మాట, లైనక్స్ కోడ్ జీపీఎల్ (మార్చి పంచినా అదే లైసెన్స్ కింద పంచాలనే లైసెన్స్). వరుసలు ఎత్తి రాసి పైన బీఎస్‌డీ లైసెన్స్ పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
అదేనన్నా! అన్‌మ్యాప్ లైను నేనే తీసేశాను, అక్కర్లేదనుకుని. రెండు సింక్‌లు పెట్టాక రాత్రంతా నడిపా, ఒక్క బైటూ తేడా రాలేదు. రిజిస్టర్ల వివరాలు డేటాషీట్ చూసి మళ్లీ రాస్తున్నా.