అప్‌డేట్: అమ్మానాన్నలతో తంజావూరు నుంచి అలెప్పీ దాకా

అమ్మానాన్నలతో హడావిడి లేకుండా గుళ్లు, సముద్రతీరం, కేరళ కాలువలు చూడాలంటే ఎలా వెళ్లాలని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

మీరన్నట్టే ఊళ్లు తగ్గించి తంజావూరులో ఎక్కువసేపు ఉన్నాం. రాజరాజ చోళుడు 1010లో పూర్తిచేసిన బృహదీశ్వరాలయానికి సాయంత్రమే వెళ్లండి. ఎండ తగ్గాక ఆ రాతి నేల మీద పెద్దవాళ్లు చెప్పుల్లేకుండా హాయిగా నడవగలరు, పైగా గర్భగుడి మీది విమాన గోపురం పసుపు రంగుకి తిరుగుతుంది. పాత తాళపత్ర గ్రంథాలు దాచిన సరస్వతీ మహల్ లైబ్రరీ మ్యూజియం మాత్రం మానకండి, వాటిలో తెలుగువీ ఉన్నాయి. తెలుగులో స్వయంగా కావ్యాలు రాసిన రఘునాథ నాయకుడు ఏలిన ఊరు అది. నాన్నని అక్కణ్ణుంచి కదిలించడం కష్టమైంది.

తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో డేన్‌లు (డెన్మార్క్ వాళ్లు) 1620లో మొదలుపెట్టిన కోట సముద్రానికి ఎదురుగానే ఉంది. చిన్న ఊరు, ఒక పూట చాలు.

కేరళలోని అలెప్పీలో హౌస్‌బోట్ తీసుకోలేదు. మీలో ఒకరు చెప్పిన ప్రభుత్వ బోటులో కొట్టాయం వెళ్లాం, దాదాపు రెండున్నర గంటలు. టికెట్ చాలా తక్కువ. బడి పిల్లలు, కూరగాయల సంచులతో ఆడవాళ్లు రేవు రేవునా ఎక్కి దిగుతుంటారు. దారిలో వచ్చే కుట్టనాడు పల్లపు ప్రాంతంలో పొలాలు కాలువ నీళ్లకంటే కిందికి ఉంటాయి, గట్టు అవతల పల్లంలో వరి కనిపిస్తుంది. గోదావరి జిల్లాలో పుట్టిన అమ్మ కిటికీ దగ్గర్నుంచి లేవలేదు.

అలెప్పీ దగ్గరి అంబలపుళ కృష్ణుడి గుడికి వెళ్తే మగవాళ్లు చొక్కా తీసేయాలి. పాల్‌పాయసం ప్రసాదం తొందరగా అయిపోతుంది, పొద్దున్నే కూపన్ సంగతి కనుక్కోండి.