ఎడమ చనుమొన కింద గట్టి గడ్డ: మగవాళ్లలో ఎవరికైనా అయిందా? (తిరుపతి, చిత్తూరు వైపు)

పుత్తూరు_42
నా వయసు 42. స్నానం చేసేటప్పుడు ఎడమ చనుమొన కింద చింతగింజంత గట్టిగా తగులుతోంది. మూడు నెలలైంది. నొప్పి లేదు. పది రోజులుగా చనుమొన కొంచెం లోపలికి లాక్కున్నట్టుంది. మందుల షాపులో అడిగితే వేడిగడ్డ అన్నాడు. ఊర్లో ఒకాయన జిల్లేడు పాలు పూయమన్నాడు. నెట్‌లో చూస్తే మగవాళ్లకీ రొమ్ము క్యాన్సర్ వస్తుందంట. నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెప్పలేదు. ఎవరికైనా ఇట్లా అయిందా?

మామిడితోట_బంగారుపాళెం
తమ్ముడూ, జిల్లేడు పాలు ముట్టుకోవద్దు. ఈ రాత్రికే మీ ఇంటామెకు చెప్పు.

నాకు అయింది. 2021 తోతాపురి కోతలప్పుడు గడ్డ తగిలింది, అప్పుడు నాకు 57. నీకు మాదిరే నొప్పి లేదు. నొప్పి ఉండుంటే ఆ వారమే పోయుంటా. కాయ దింపాల, గుజ్జు ఫ్యాక్టరీ కాడ ట్రాక్టరు క్యూలో పడిగాపులు కాయాల, ఇదేం పెద్దదిలే అనుకున్నా. మొదట చూసిన డాక్టరు చొక్కా కూడా విప్పమనలేదు, పైనుంచే వేలితో నొక్కి కొవ్వు గడ్డ అన్నాడు. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు పోగొట్టుకున్నా. చివరికి బనీను ఉతికేటప్పుడు మా ఆవిడ చూసింది, చనుమొన ఉండే చోట శనగగింజంత రక్తం మరక. మర్నాడే తిరుపతికి తీసుకుపోయింది.

మామోగ్రాం (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) గది బయట బెంచీ మీద అందరూ ఆడోళ్లు. సిస్టర్ నా కాగితం పట్టుకుని బయటికొచ్చి మా ఆవిడని చూసి "లోపలికి రామ్మా" అనింది. "ఆమె కాదు, నేను" అన్నా. బెంచీ మొత్తం నా పక్క తిరిగింది. తలుపు నాలుగడుగుల దూరం, అంతే. తలొంచుకుని పోయినా. లోపల రాసే కాగితంలో నెలసరి ఎప్పుడు ఆగింది అని ఉంది, ఆ పిల్ల ఏం మాట్లాడకుండా దాని మీద గీత కొట్టేసింది. ఆ పిల్లదీ తప్పు కాదు. కాగితం తయారు చేసినోళ్లు మేమూ వస్తామని అనుకోలేదు.

గడ్డలో చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో (బయాప్సీ) క్యాన్సర్ అని తేలింది. రొమ్ము మొత్తం తీసేసి చంకలో గడ్డలూ తీశారు. తర్వాత కీమో, నాలుగు సార్లు ఎర్రమందు, ఆ పైన వారానికొకటి చొప్పున పన్నెండు. ఎర్రమందు రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమని భయపడొద్దు. అది అయినాక రేడియేషన్. ఇప్పుడు రోజూ మాత్ర.

ఒకటి చెప్తా. జుట్టంతా పోయినాక బయటికి రావాలంటే సిగ్గుపడినా. కానీ తిరుపతిలో గుండును ఎవురు పట్టించుకుంటారు? బస్సులో పక్కనాయన "దర్శనం బాగా అయిందా సామీ?" అని అడిగి లడ్డు తుంచి చేతిలో పెట్టినాడు. కీమో మొదలైనాక నోటికి రుచి తెలిసింది ఆ పొద్దే.

ల్యాబ్_అక్క
నేను తిరుపతిలో పాథాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను. పుత్తూరు తమ్ముడూ, మగవాళ్ల రొమ్ములో గడ్డలన్నీ క్యాన్సర్ కావు. హార్మోన్ల తేడా వల్ల, కొన్ని మందుల వల్ల కూడా రొమ్ము గ్రంథి పెరుగుతుంది. అది తరచుగా రెండు వైపులా, రబ్బరులా మెత్తగా, ముట్టుకుంటే కాస్త నొప్పిగా ఉంటుంది. నువ్వు చెప్పేది ఒకే పక్క, గట్టిగా, పైగా చనుమొన లాక్కుంటోంది. దీన్ని ఆపుకోకూడదు. రొమ్ము క్యాన్సర్లు వందలో ఒకటి దాకా మగవాళ్లకే వస్తాయి. తక్కువే, కానీ ఆ ఒక్కరూ ఆలస్యంగా వస్తారు. మా బల్ల మీదికి వచ్చేసరికే గడ్డ పెద్దదై ఉంటుంది, అదే నా బాధ.

ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వస్తే రిపోర్టులో ఈఆర్, పీఆర్ (ఈ రెండూ హార్మోన్లకు సంబంధించినవి), హెర్2 (ఒక ప్రొటీన్) అనే మూడు పరీక్షలూ ఉన్నాయో లేదో చూసి అడుగు. ఏ మందు ఇవ్వాలో వాటిని బట్టే ఉంటుంది. మగవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి ఈఆర్ పాజిటివ్ వస్తుంది, అంటే హార్మోన్ మాత్ర పనిచేసే రకం.

కాళహస్తి_కూతురు
మా నాన్నకు 66 ఏళ్ల వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అంతకు ముందే మా మేనత్త ఇదే జబ్బుతో పోయింది. రెండింటినీ ముడిపెట్టి ఎవరమూ ఆలోచించలేదు. డాక్టరమ్మ అడిగి, రక్తం తీయించి జన్యు పరీక్ష చేయిస్తే బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉందని తేలింది, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచేది. పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం ఉంటుందట, ఆడపిల్లైనా మగపిల్లాడైనా. నేను చేయించుకున్నాను. మా అన్న "నాకెందుకు, నేను మగాణ్ణి" అన్నాడు. నాన్న ఆ పక్కనే కూర్చుని ఉన్నాడు, ఛాతీకి కట్టుతో. గదిలో ఎవరమూ మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత అన్న తనంతట తనే వెళ్లి రక్తం ఇచ్చొచ్చాడు.

మీ ఇంట్లో మేనత్తలు, పిన్నమ్మలు, నాయనమ్మ ఎవరికైనా రొమ్ము, అండాశయం క్యాన్సర్ ఉందేమో కనుక్కుని డాక్టరుకు చెప్పండి.

కండక్టర్_చిత్తూరు
ఆర్టీసీలో చేసి రిటైరైనాను. నాకూ ఇదే క్యాన్సర్ వచ్చింది. ఎవరూ చెప్పనిది నేను చెప్తా. ల్యాబ్ అక్క చెప్పిన హార్మోన్ మాత్ర, టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు, రోజుకొకటి, ఐదేళ్లు వాడమన్నారు. మందుల షాపు కుర్రోడు "ఇది ఆడోళ్ల మాత్ర కదన్నా" అన్నాడు. ఒళ్లంతా ఉన్నట్టుండి సెగలు, చెమటలు. సంసారం మీద కోరిక చచ్చిపోయింది. ఆ సంగతి డాక్టరుకు చెప్పలేక నాలుగు నెలలు మాత్ర మానేసి, వేసుకుంటున్నానని అబద్ధమాడినా. చాలా పెద్ద తప్పు. చెప్పినాక ఆయన కోప్పడలేదు, దాని గురించే అరగంట మాట్లాడినాడు. మళ్లీ మొదలుపెట్టినా. ఈ మాత్రతో రక్తం గడ్డకట్టొచ్చు, పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా ఆ క్షణమే ఆస్పత్రికి పోవాల.

చంకలో గడ్డలు తీసిన పక్క చేతికి బీపీ చూడనీయొద్దు, సూది వేయనీయొద్దు. నేను ఆ చేత్తో బియ్యం మూట ఎత్తి, చేయి వాచి, ఉంగరం కోయించుకోవాల్సి వచ్చింది.

పుత్తూరు_42
అందరికీ దండాలు. రాత్రి చెప్పినాను. ఆమె చేయి పెట్టి చూసింది, చానాసేపు తీయలేదు. పొద్దున లేచేసరికి ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, నా పాత రిపోర్టులు అన్నీ కవర్లో పెట్టింది. ఏ డాక్టరు దగ్గరికి పోవాలన్నా?

ల్యాబ్_అక్క
జనరల్ సర్జరీ ఓపీ. రుయా, స్విమ్స్ రెండూ ఉన్నాయి, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, కార్డు తీసుకెళ్లి అక్కడ ఆ పథకం సాయం కోసం ఉండే మిత్ర కౌంటర్‌లో ముందే అడుగు. చొక్కా విప్పి చూడకుండా పంపిస్తే కదలొద్దు, చూడమని అడుగు.

మామిడితోట_బంగారుపాళెం
నాకు మంగళవారం చెకప్ ఉంది తిరుపతిలో. నువ్వూ ఆ పొద్దే రా. మెసేజ్‌లో నంబరు పెట్టినా. మామోగ్రాం రాస్తే ఆ బెంచీ మీద నీ పక్కన నేనూ కూర్చుంటా.